పదకొండో రాయి

మా ఊరివాళ్ళకు బద్ధకం లేకపోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. స్కెల్‌బెక్‌లో ఎవరినైనా అడగండి, తప్పు ఎస్టేటువాళ్ళదంటారు, కాదంటే వాగుదంటారు. బీరు కోసం ఎనభై గజాలు ముందే ఆగిపోయింది మన తాతలే అని మాత్రం ఒక్కరూ అనరు. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత.

మా ఊరి హద్దులకు పన్నెండు రాళ్ళు. ఏడేళ్ళకోసారి మే నెలలో ఊరంతా నడిబొడ్డునున్న రాతి స్తంభం, సంత శిలువ, దగ్గర బయల్దేరి ఆ హద్దుల వెంట నడుస్తుంది. రాయి రాయికీ ఒక పిల్లవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి, దాని మీద మూడుసార్లు కుదేస్తారు. వాడి పేరూ వయసూ హద్దుల పుస్తకంలో రాస్తారు. రేపు ఎవడైనా వచ్చి హద్దు ఇది కాదంటే, ఇదేనని చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా. 'పిర్రకు తగిలింది బుర్రలో ఉంటుంది' అనేవాడు మా నాన్న. ఆయన తర్వాత ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. నా పేరు నోరా ఫాసెట్. సంత వీధిలో ఇనుప సామాన్ల కొట్టు నాదే. పుస్తకం మేకుల పెట్టెల పై అరలో ఉంటుంది.

1963 ఏప్రిల్‌లో మా ఊరి పక్క జమీందారీ ఎస్టేటు నుంచి ఉత్తరం వచ్చింది. మా మేయరు ఏమస్ డిన్స్‌డేల్ దాన్ని పట్టుకుని, చేతుల పిండి కూడా కడుక్కోకుండా నా కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు. ఏమస్‌ది రొట్టెల వ్యాపారం. గుర్రాల సంత జరిగే మైదానంలో గేటు స్తంభానికి అవతల, వాగు దాకా ఉన్న నేల తమదనీ, జూన్ మొదట్లో కంచె వేస్తామనీ ఆ ఉత్తరం సారాంశం.

"ఎనభై గజాలే కదా నోరా. మిగతా మైదానం మనదేనని ఒప్పుకుంటున్నారు," అన్నాడు.

"నీ రొట్టెల్లో ఈస్టు చిటికెడే కదా ఏమస్. రేపటి నుంచి వెయ్యడం మానెయ్."

వాగు లేకపోతే గుర్రాల సంత లేదు. గుర్రాన్ని నీళ్ళలోకి దింపి, కడిగి, తడి ఒంటితో గట్టెక్కించి చూపిస్తేనే కొనేవాడు కొంటాడు. పొడి గుర్రాన్ని ఎవడూ నమ్మడు. ఆరువందల ఏళ్ళుగా జూన్ నెలలో ఆ సంత జరుగుతోంది. అది పోతే మా ఊరు బస్సు ఆగే చోటు, అంతే.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, పదకొండో రాయి వాగు గట్టున ఉండేది. 1897లో వరద వచ్చి దాన్ని ఇసుకలో కప్పేసింది. 1900లో నడక వచ్చినప్పుడు రాయి కనబడలేదు. నడిచేవాళ్ళకు బీరు పీపా, చీజూ పెట్టేది గేటు స్తంభం దగ్గరే. అక్కడ కూర్చున్నాక ఎవడికి లేవబుద్ధవుతుంది? "ఇక్కడే కుదేద్దాం, ఏముందిలే," అన్నాడు ఎవడో. పిల్లవాణ్ణి స్తంభం మొదట్లో కుదేసి, పుస్తకంలో మాత్రం 'పదకొండో రాయి' అని రాసుకున్నారు. ఆ తర్వాత ఇంకో ఎనిమిది నడకల్లోనూ అదే పని. తిలా పాపం తలా పిడికెడు. వాళ్ళలో మా నాన్నా ఉన్నాడు, ఆయన పక్కన నిలబడి చీజ్ తిన్నదాన్ని నేనూ ఉన్నాను.

"గేటు దగ్గర కూర్చున్న పిల్లల్లో ఆరుగురు ఇంకా బతికున్నారు," అన్నాడు ఏమస్ నేల చూపులు చూస్తూ. "ఎస్టేటు మేనేజరు వెన్ వాళ్ళందరి దగ్గరా సంతకాలు తీసుకున్నాడు. హద్దు గేటు దగ్గరేనని."

"ఆరోవాడివి నువ్వే కదూ?"

"1921లో నన్ను అక్కడే కుదేశారు. అబద్ధం చెప్పమంటావా?"

జిల్లా కార్యాలయం నుంచి టోలీ అనే అధికారి నడక రోజే వచ్చి, అక్కడికక్కడే తేలుస్తాడట. మా పుస్తకం నియమాల ప్రకారమే తేల్చాలని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. అంటే మాకు కావలసింది వరదకు ముందు, 1893లో, అసలు రాతి మీద కూర్చున్న మనిషి. పేజీ తిప్పి చూశాను. చూడక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. 'పదకొండో రాయి: జేబెజ్ ఐవ్‌సన్, పదేళ్ళు.' ఆ మరుసటి ఫిబ్రవరిలోనే పిల్లవాడు పోయాడు. ఆ ఏడు నడిచిన మిగతావాళ్ళు కూడా యుద్ధాల్లో కొందరు, ముసలితనంలో కొందరు వెళ్ళిపోయారు.

ఆ పేజీ నాకు కంఠతా రావడానికి కారణం జేబెజ్ అక్క. అక్క అంటే కవల, పావుగంట పెద్ద. టేమర్ ఐవ్‌సన్ ఏటా తన పుట్టినరోజున కొట్టుకొచ్చి, ఆ పేజీ తీయించుకుని, తమ్ముడి పేరు చూసుకుని వెళ్ళేది. చర్చి దొడ్లో వాడి సమాధికి రాతి పలక వేయించే స్తోమత ఆ ఇంటికి లేదు. పాతిన చెక్క పుచ్చిపోయింది. ఇప్పుడు వాడి పేరు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందంటే నా పుస్తకంలోనే.

ఉత్తరం వచ్చిన మూడో రోజున టేమర్ కిరసనాయిలు కోసం డబ్బాతో వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. యాభై ఏళ్ళు సంతలో గుడ్లూ వెన్నా అమ్మింది. ఊళ్ళో సగం మంది ఆమెను పెద్దమ్మా అని పిలుస్తారు, మిగతా సగం మంది ఆమెను చూస్తే పక్కకు తప్పుకుంటారు. నేను పరిస్థితిని బట్టి రెండూ చేస్తాను.

"పుస్తకం తియ్యి," అంది.

"ఇవాళ నీ పుట్టినరోజు కాదుగా పెద్దమ్మా."

"తియ్యమన్నానా లేదా?"

తీశాను. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది. "వీడు బతికుంటే వాగు మనకు దక్కేదని ఏమస్ అంటున్నాడు. నిజమేనా?"

"నిజమే. అసలు రాయి ఎక్కడుందో తెలిసిన ఆఖరి పిర్ర అది."

"చచ్చిపోయిన పిల్లాడి గురించి అలాగేనా మాట్లాడేది? నోరు అదుపులో పెట్టుకో," అని, డబ్బా నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను కొట్టు తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. డబ్బా కోసం వచ్చిందనుకున్నాను.

"జేబెజ్ ఆ రాతి మీద కూర్చోలేదు," అంది. "నేను కూర్చున్నాను."

ఆమెను లోపల కూర్చోబెట్టి టీ పెట్టాను. కప్పు ముట్టుకోలేదు. చెప్పదలచుకున్నది వరసగా చెప్పేసింది, ఎక్కడా ఆగకుండా. ఆ ఏడు పదకొండో రాయికి జేబెజ్‌ను ఎంచారు. హద్దు పిల్లలకు ఊరు కొత్త బూట్లు కుట్టించి ఇచ్చేది. ఆ ఇంట్లో అప్పటిదాకా కొత్త బూట్లు ఎవరూ తొడగలేదు. నడకకు వారం ముందు పిల్లవాడికి జ్వరం తగిలి కీళ్ళు వాచిపోయాయి. వాడికి నొప్పి బాధ లేదు, బూట్లు పోతాయన్నదే బాధ. ఆడపిల్లల్ని రాతి మీద కూర్చోబెట్టే వాడుక అప్పట్లో లేదు. వాళ్ళమ్మ టేమర్ జుట్టు కత్తిరించి, తమ్ముడి లాగూ తొడిగి, టోపీ చెవుల దాకా లాగి పంపించింది. బడిలో మాత్రం పేలు పట్టాయని జుట్టు తీయించామని చెప్పింది.

"ఆరు మైళ్ళు నడిచాను. నన్ను కుదేసింది మీ తాతే. దెబ్బకు నాలిక కొరుక్కున్నాను. ఏడిస్తే గొంతు పట్టిస్తుందని ఏడవలేదు."

"బూట్లు?"

"ఇంటికి తెచ్చి వాడి కాళ్ళకు తొడిగాను. పక్క మీదే తొడుక్కుని పడుకునేవాడు. అమ్మ విప్పమనలేదు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవలసినంత అయింది మాత్రం. "కానీ రేపెవరైనా నువ్వు కూర్చున్న చోటేది అని అడిగితే వాడు చెప్పగలగాలి కదా. అందుకని ఆ చలికాలమంతా నేర్పాను. రాతి మీద కూర్చుంటే చర్చి శిఖరం మీది ఇత్తడి కోడి, టౌన్ హాలు రెండు పొగగొట్టాలకూ సరిగ్గా మధ్యన కనబడుతుంది. తల ఎడమకు తిప్పితే పాత వంతెన కమాను లోంచి బందెలదొడ్డి గేటు కనబడుతుంది. గేటు మొత్తం కనబడాలి, ఒక్క పలక తగ్గినా రాయి అది కాదు. వాడికి అప్పజెప్పీ అప్పజెప్పీ నాకు నిలిచిపోయింది. వాడు పోయాడు."

జాలేస్తే నాకు కోపమొస్తుంది. "మరి డెబ్భై ఏళ్ళు ఎందుకు దాచావు?"

"చెబితే మీ నాన్న వాడి పేరు కొట్టేసేవాడు. కొట్టేశాక నా తమ్ముడు ఎక్కడున్నాడు? చెప్పు, ఎక్కడున్నాడు?"

"ఇప్పుడు చెప్పినా కొట్టెయ్యాల్సిందే పెద్దమ్మా. పుస్తకంలో పేరున్నవాడే సాక్షి."

"తెలుసు. అదంతా ఆలోచించుకునే వచ్చాను. సంత పోకూడదు. నేను యాభై ఏళ్ళు ఆ సంత తిండి తిన్నాను."

ఇంకో నియమం కూడా ఉంది. అది పుస్తకం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంటుంది. 'నడవనివాడికి నోరు లేదు.' శిలువ దగ్గర నుంచి ఆ రాయి దాకా తన కాళ్ళతో నడిచి వచ్చినవాడే ఆ రాయి గురించి మాట్లాడాలి. చూపించాను. ఆమె చదివి, పుస్తకం మూసి, "అయితే నడుస్తాను," అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే సంత శిలువ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మొదటి రోజు పది చుట్లు. వారం తిరిగేసరికి నలభై. వానొస్తే టౌన్ హాలు ముందు కమాన్ల కింద ఈ చివర నుంచి ఆ చివరకు. నేను కొట్టులోంచి లెక్కపెట్టేదాన్ని. చూసినవాళ్ళు నవ్వారు. మాంసం కొట్టు రాల్ఫ్ అయితే, "పెద్దమ్మా, పందెంలో దిగుతున్నావా? నీ మీద పది షిల్లింగులు కాస్తాను," అన్నాడు. "నీ తూకంరాళ్ళు సరిచేయించుకో ముందు," అంది ఆమె, ఆగకుండానే.

ఎస్టేటు మేనేజరు రూపర్ట్ వెన్ ఒకరోజు నా కొట్టుకొచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, పొడుగ్గా, మర్యాదగా ఉంటాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

"కంచె మేకులు ఉన్నాయా, మిస్ ఫాసెట్?"

"ఉన్నాయి. మీకు అమ్మను."

నవ్వాడు. "మీ ముసలావిడ సంగతి విన్నాను. మీ మొదటి పేజీ నేనూ చదివాను. ఆవిణ్ణి ట్రాక్టరెక్కించి తీసుకొస్తే ఒప్పుకోను, ముందే చెబుతున్నాను."

"ఆవిణ్ణి ట్రాక్టరెక్కించడం మీ వల్లా కాదు, మా వల్లా కాదు."

నడక రోజు తెల్లవారేసరికి శిలువ మెట్ల చుట్టూ రెండువందల మంది. టోలీ గారు గొడుగూ, మట్టికి పనికిరాని బూట్లూ వేసుకుని వచ్చాడు. ఏమస్ మేయరు గొలుసు వేసుకున్నాడు. రాల్ఫ్ గునపం, పార భుజాన వేసుకున్నాడు. అవి నా కొట్టువే. పుస్తకం నా సంచిలో ఉంది. టేమర్ నల్ల కోటు వేసుకుని, చేతికర్ర లేకుండా, అందరికంటే ముందు నిలబడింది.

మొదటి నాలుగు రాళ్ళూ చదును నేల. కుదేసిన పిల్లలు అరిచారు, జనం నవ్వారు, నేను రాసుకున్నాను. అయిదో రాయి దాటాక విధవ కోట్స్ వంటిల్లు వస్తుంది. వందేళ్ళ కిందట ఎవరో హద్దు మీదే ఆ ఇల్లు కట్టారు, కాబట్టి తలుపులోంచి లోపలికెళ్ళి కిటికీలోంచి బయటపడాలి. ప్రతిసారీ కోట్స్ తిట్టుకుంటూ కిటికీ గట్టు మీది పూలకుండీలు తీస్తుంది. టోలీ గారు కిటికీ వంక చూసి, "చుట్టూ తిరిగి రాకూడదా?" అని అడిగాడు.

"హద్దు చుట్టూ తిరగదు కదండీ," అంది కోట్స్. "కాళ్ళు తుడుచుకుని మరీ ఎక్కండి."

టేమర్‌కు స్టూలు వేశాం. ఏమస్ ఆమె మోచెయ్యి పట్టుకోబోయాడు. "నన్ను కాదు, స్టూలును పట్టుకో," అంది. ఒక కాలు బయటకు వేసింది. రెండో కాలు గట్టు మీదే ఇరుక్కుని, మోకాలు వంగలేదు. అలా సగం లోపల, సగం బయట చాలాసేపు ఉంది. బయట నిలబడ్డ వెన్ కూడా తెలియకుండానే చేతులు చాపాడు. ఆమె ఆ చేతుల వంక చూసి, రెండు చేతులతో తన మోకాలు తానే ఎత్తి బయట పెట్టుకుంది.

ఎనిమిదో రాయి దగ్గర వాన మొదలైంది. తొమ్మిదో రాయి గుట్ట మీద ఉంటుంది. అక్కడ ఆమె పెదవులు నీలంగా కనబడ్డాయి. ఇక చాలని నాకు నిజంగా అనిపించింది.

"పెద్దమ్మా, ఎనభై గజాల కోసం నువ్వు పోతే నాకు ఆ సంతా వద్దు, ఏమీ వద్దు."

"నీకు వద్దు, సరే. నిన్నెవరు అడిగారు? పక్కకు జరుగు, దారికి అడ్డంగా ఉన్నావు."

పదో రాయి దాటి, గేటు స్తంభం దగ్గరకొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. బీరు పీపా, చీజూ సిద్ధంగా ఉన్నాయి. జనం తడి గడ్డి మీద కూలబడ్డారు. ఏమస్ ఆమెకు కుర్చీ తెచ్చాడు. ఆమె దాని వీపు పట్టుకుని నిలబడిందే తప్ప కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని నా చెవిలో చెప్పింది.

వెన్ గేటు స్తంభం మీద చెయ్యి వేశాడు. "టోలీ గారూ, తొమ్మిది నడకల్లో హద్దు ఇదే. ఆరు సంతకాలు మీ దగ్గరున్నాయి, వాటిలో ఒకటి ఈ ఊరి మేయరుదే."

ఏమస్ బీరు గ్లాసు వెనక్కి దాచుకున్నాడు. టేమర్ మాత్రం గేటు తోసుకుని అవతలికి నడిచింది. ఆమె వెనకే నేను, టోలీ గారు, తర్వాత ఒక్కొక్కరే గ్లాసులు వదిలి లేచారు. ఆ స్తంభాన్ని దాటి మా ఊరి నడక వెళ్ళడం డెబ్భై ఏళ్ళలో అదే మొదటిసారి.

వాగు గట్టున ఆగి ఆమె అందరికీ వినబడేలా చెప్పింది. తమ్ముడి జ్వరం, లాగూ, టోపీ, అన్నీ. అమ్మ చేసిన మోసం అని కూడా అంది.

"నాకు ఆవిడంటే గౌరవమే," అన్నాడు వెన్. "కానీ పుస్తకంలో ఉన్నది జేబెజ్. పుస్తకంలో పేరున్నవాడే సాక్షి అన్నది మీ నియమం. ఆ పేరు నిజమైతే ఈవిడ సాక్షి కాదు."

టోలీ గారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆయనన్నది న్యాయమే. అమ్మా, ముందు పుస్తకం సరిదిద్దాలి. సరిదిద్దాక రాయి దొరకకపోతే ఆ దిద్దుబాటు మళ్ళీ వెనక్కి పోదు. ఆలోచించుకోండి."

రాయి వరదలో కొట్టుకుపోయి ఉండవచ్చు. పగిలి ఉండవచ్చు. అప్పుడు సంతా పోతుంది, పిల్లవాడి పేరూ పోతుంది. "ముందు తవ్వి చూద్దామండీ," అన్నాను.

"కలం ఇలా ఇవ్వు," అంది టేమర్.

ఏమస్ గొడుగు పట్టాడు. పుస్తకం నా రెండు చేతుల మీద తెరిచి ఉంది. ఆమె వేళ్ళు చలికి కొంకర్లు పోయాయి, కలం పట్టుకోవడానికే కొంతసేపు పట్టింది. జేబెజ్ ఐవ్‌సన్ అన్న పేరు మీద ఒక గీత గీసింది. వంకర లేకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. పైన 'టేమర్ ఐవ్‌సన్' అని రాసింది. ఆ గీత ఆమె నా చేత గీయించి ఉంటే నేను గీయలేకపోయేదాన్ని.

తర్వాత వెనక్కి తిరిగి ఊరి వంక చూసింది. రెండడుగులు కుడికి జరిగింది. ఇంకో నాలుగు. కోడి రెండు పొగగొట్టాల మధ్యకు వచ్చిందో లేదో నేనూ చూశాను. వచ్చింది. ఇప్పుడు వంతెన.

"కమాను లోంచి ఏమీ కనబడటం లేదే," అన్నాడు వెన్. "చెట్ల కొమ్మలు తప్ప."

"ఆరడుగుల మనిషివి, నిలబడి చూస్తే ఏం కనబడుతుంది? పదేళ్ళ పిల్ల కూర్చుని చూసింది," అంది. ఆ తడి ఇసుకలోనే మోకాళ్ళ మీద కూలబడింది. లేవలేనని చెప్పిన మనిషి, కోడి పొగగొట్టాల మధ్య నుంచి తప్పిపోకుండా మోకాళ్ళతో ముందుకు జరిగింది. ఆగింది, వెనక్కి జరిగింది. "ఇక్కడ," అంది.

వెన్ ఆమె పక్కన వంగి, చివరికి తనూ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. గేటు పలకలు వేలితో లెక్కపెట్టాడు. లేచాక ప్యాంటు బురద కూడా దులుపుకోలేదు.

రాల్ఫ్ గునపం దించాడు. మెత్తగా దిగిపోయింది. పక్కన దించాడు, మళ్ళీ మెత్తనే. మూడు, నాలుగు, అయిదు. జనం గుసగుసలాడుతున్నారు. "నీకు పొడవడం కూడా రాదు," అంది టేమర్. "నా మోకాళ్ళ కింద పొడు. నా చుట్టూ కాదు." ఆమెను నేనూ ఏమసూ చెరో రెక్కా పట్టి పక్కకు లేపాం. రాల్ఫ్ అక్కడ దించాడు. మూరెడు లోతున గునపం ఠంగుమని ఆగింది. నలభై ఏళ్ళుగా ఇనుము అమ్ముతున్నాను, ఇనుము రాయికి తగిలిన చప్పుడు నాకు తెలుసు. సిగ్గులేకుండా ఏడ్చేశాను.

పారతో తీస్తే రాయి పై ముఖం బయటపడింది. మిగతా పదకొండు రాళ్ళకూ ఉన్నట్టే దానికీ నెత్తిన గొర్రె కొమ్ముల గుర్తు చెక్కి ఉంది. టోలీ గారు ఆ గుర్తును వేలితో తడిమి, తన కాగితాల మీద ఏదో రాసి, సంతకం పెట్టాడు. "గుర్తు ఉంది, సాక్షి ఉంది. హద్దు ఇదే," అన్నాడు.

ఏమస్ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నోరా, ఆ పిల్లాడి పేరు పక్కన అంచులోనైనా రాసెయ్. ఎవరు కాదంటారు?"

"నేనంటాను," అంది టేమర్. ఆమెకు చెవులు బాగా పనిచేస్తాయి. "వాడు కూర్చోలేదు. జరగనిది పుస్తకంలో రాసుకునే కదా ఇంత దూరం తెచ్చుకున్నాం? ఇంకా కావాలా?"

ఈ ఏటి పదకొండో పిల్లవాడు వానకు తట్టుకోలేక తల్లితో ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాడు. కుదేయకుండా రాయి లెక్కకు రాదు. ఎవరిని కుదేయాలా అని అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే, టేమర్ వేలు ఎత్తి వెన్‌ను చూపించింది.

"వీణ్ణి. కుర్రాడు, ఇంకో యాభై ఏళ్ళు బతుకుతాడు. మన అందరిలోకీ ఈ రాయిని మర్చిపోదామనుకునేవాడు వీడొక్కడే."

"అమ్మా, నేను ఎస్టేటు మనిషిని," అన్నాడు వెన్.

"అందుకే."

అతను టోలీ గారి వంక చూశాడు. ఆయన గొడుగు చాటుకు వెళ్ళాడు. వెన్ కోటు విప్పి నాకిచ్చాడు. నలుగురు మగాళ్ళు ఎత్తి మూడుసార్లు కుదేశారు, మూడోసారి కాస్త కసిగానే. 'పదకొండో రాయి: రూపర్ట్ వెన్, ఇరవైతొమ్మిదేళ్ళు' అని రాశాను. ఇక ఎస్టేటువాళ్ళు ఎప్పుడు కాదన్నా వాళ్ళ మేనేజరే మా సాక్షి. జనం ఒక్కసారిగా కేరింతలు కొట్టి, అతణ్ణే ముందు పెట్టుకుని పీపా వైపు నడిచారు.

టేమర్ కదలలేదు. అందరూ వెళ్ళాక రాతి మీద నెమ్మదిగా కూర్చుంది. పొద్దున్న నుంచి ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. పక్కన నేను ఉన్నానని కూడా చూసుకోలేదు.

"నీ పేరు తీసేశానురా జేబెజ్," అంది. "వాగు దక్కింది."

ఏడుస్తోంది. ఎనభై ఏళ్ళ మనిషి, పదేళ్ళప్పుడు అక్కడ ఏడవకుండా దాచుకున్నదంతా కలిపి ఏడుస్తోంది. నేను పుస్తకం సంచిలో పెట్టి, తడి ఇసుకలో ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. లెమ్మని అనలేదు.